కుటుంబ బాధ్యతల వల్ల

నేను గోకరకాయ గిల్లుతుంటే అత్తమ్మ పక్కనే కూర్చుని మురిసిపోయింది. "పదారేండ్ల సంది గిప్పుడే నా కోడలు నిమ్మళంగ కూసున్నది" అంది. నిమ్మళం లేనిది నాకే. సోమవారం పదకొండింటికి నేను ఉండాల్సింది చిక్కడపల్లిలో, మా పుస్తకాల దుకాణంలో. దాన్ని ఒక పెద్ద కంపెనీ కొనుక్కుని నెల తిరక్కుండానే పదకొండు మందిలో ఐదుగురిని తీసేసింది. ఆ ఐదుగురిలో ఆడవాళ్లం నలుగురం. అసలు దుకాణంలో ఉన్న ఆడవాళ్లమే నలుగురం.

కొత్త మేనేజరు మర్యాదగానే చెప్పాడు. "మీకేంది మేడం, ఇంట్ల సార్ సంపాదిస్తున్నడు. మగోళ్లకైతే సంసారాలున్నయి." మరి నాకున్నదేమిటని అడగబోయాను. ముందే టైపు చేసి ఉంచిన కాగితం నా ముందుకు తోశాడు. కుటుంబ బాధ్యతల వల్ల నా ఇష్టంతోనే రాజీనామా చేస్తున్నానని అందులో ఉంది. సంతకం పెట్టాను. అందుకు ఇప్పటికీ నా మీద నాకే కోపం. అత్తమ్మకు జ్వరమొచ్చినా, పిల్లకు పరీక్షలున్నా, ఐదింటికే లేచి రెండు పూటలకూ వండిపెట్టి పోయానే తప్ప, కుటుంబం పేరు చెప్పి ఒక్కరోజైనా ఆలస్యంగా వెళ్లలేదు.

అశోక్‌నగర్ హాస్టళ్ల నుంచి గ్రూప్స్ చదివే ఆడపిల్లలు నన్ను వెతుక్కుంటూ వచ్చేవాళ్లు. "అక్కా, ఇది కొనాల్నా?" అని అడిగేవాళ్లు. "వద్దు, లైబ్రరీల ఉంటది, ఆడ చదువుకో. గీ రెండోది కొనుక్కో" అనేదాన్ని. పాత ఓనరు వింటూ నవ్వి ఊరుకునేవారు. ఇంట్లో నన్నెవరూ ఏదీ అడగరు, చెంచాలెక్కడున్నాయని తప్ప.

మా ఆయన శ్రీపతి ఈ మూడు వారాలుగా ఎవరడిగినా ఒకటే మాట చెబుతున్నాడు. "నేనే మాన్పించిన. ఎన్ని రోజులు కష్టపడతది?" పెళ్లాన్ని ఉద్యోగంలోంచి తీసేశారంటే ఆయనకు చిన్నతనం. చుట్టాలంతా ఆయన మంచితనాన్ని ఒకటే మెచ్చుకోవడం. చివరికి ఆ అవమానం కూడా నాకు మిగల్లేదు.

ఇంతలో హాల్లో ఫోన్ మోగింది. ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న ఆయనే ఎత్తాడు.

"లేదు పీరయ్యన్నా, మీ దుకాణంలకు కూడ రాదు. ఆమెకు ఇంట్లనే మస్తు పనున్నది. నేనే మాన్పించిన గద."

పీరయ్యన్నకు నారాయణగూడలో పాత పుస్తకాల దుకాణం ఉంది. నా పని ఏమిటో ఆయనకు బాగా తెలుసు. వెతుక్కుంటూ ఇంటిదాకా వచ్చిన ఉద్యోగాన్ని నా మొగుడు గుమ్మంలోంచే పంపించేస్తున్నాడు. ఒళ్లు మండింది. లేచి వెళ్లి చెయ్యి చాచాను. ఆయన రిసీవర్ మూసిపట్టి, "ఇజ్జత్ తియ్యకు" అని గొణిగాడు. చేతిలోంచి తీసుకున్నాను.

"అన్నా, నేను రాజకుమారిని. నన్నెవరు మాన్పించలే. కంపెనీవాళ్లు తీసేసిండ్రు."

"గట్లనా చెల్లె! మరి మా దగ్గర చేస్తవా?"

"చేస్తనన్నా. ఇగ నా గురించి ఏమన్న అడగాల్నంటే, నన్నే అడుగు."