గుడి గుమ్మం మీద నా పంది

మా కొండ మీది గుడి పూజారి క్వాంగ్ తాత వారాల తరబడి ఒకే ఒక్క మాట రాయలేక అవస్థ పడ్డాడు. గుమ్మం మీది పాత బోర్డును చెదలు తినేశాయి. అది ఆయన గురువు చేతిరాత. 'తనంత తాను' అన్న ఆ మాటనే తాత రాసిస్తే కొత్త చెక్క మీద చెక్కించి పెడతానని షావ్ దొర మాటిచ్చాడు. పెద్ద పదవి చేసి దిగి, మా లోయలో ఇల్లు కట్టుకున్న మనిషి. చేతిరాత విషయంలో మాత్రం ఎవరి దగ్గరా మొహమాటపడడు. తాతకేమో చెయ్యి వణకడం మొదలైంది. ఇప్పుడు రాయలేకపోతే గురువు చోటు ఖాళీగానే మిగిలిపోతుందని ఆయన బెంగ.

ఆ మాటకు అర్థం జనానికి చెప్పేది కూడా ఆయనే. నీళ్ళను చూడండి, మబ్బును చూడండి, ఏదైనా తంటాలు పడుతోందా అంటాడు. తీరా తను కుంచె పట్టేసరికి ఊపిరి బిగబట్టి, నాలుక కరుచుకుని కూర్చునేవాడు. అక్షరాలు కొత్త చెప్పులేసుకున్నవాళ్ళలా నడిచేవి. సారా తాగి రాశాడు. కళ్ళు మూసుకుని రాశాడు. వానలో తడిసొచ్చి రాశాడు.

"సహజంగా రావడానికి ఎంత చస్తున్నానో నీకేం తెలుసు, తాన్ కోడలా!" అని ఒకరోజు నా మీద విసుక్కున్నాడు కూడా.

నేను తాన్ వాళ్ళింటి కోడల్ని, కొండ కింద సోయా గింజలతో టోఫు చేసి అమ్ముకుంటాను. ఆ పిప్పి తినే నా పంది అంత బలిసింది. ఓ రోజు మళ్ళీ తడిక తోసుకుని వెళ్ళి గుడి ముల్లంగి మడిలో పడింది. కాసేపటికి తిరిగొచ్చింది, మెడకో గడ్డితాడు, తాడుకో కాగితం. నాకు చదువు రాదు. అయినా తిట్టేనని తెలుస్తూనే ఉంది. ఒళ్ళు మండి కాగితంతో కొండెక్కాను.

లోపల షావ్ దొర ఉన్నాడు. తాత కొత్తగా రాసినవి ఒక్కొక్కటే చూసి పక్కన పడేస్తున్నాడు. తాత మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏం రాశావో నువ్వే చదువు తాతా! మొహం మీద తిట్టే దమ్ము లేక పందితో కబురంపుతావా?"

"నీ పంది నా మడంతా మేసిపోతే నిన్ను పొగుడుతూ పద్యం రాయాలా?"

దొర నా చేతిలోని కాగితం లాక్కుని వెలుగులో పెట్టి చూశాడు. తర్వాత పైకి చదివాడు: "'తాన్ కోడలా! నీ దిక్కుమాలిన పంది మళ్ళీ నా ముల్లంగి మడిలో పడింది. కట్టేసుకో. ఇంకోసారి వస్తే కూర వండుకు తింటాను.'"

"నువ్వు మాంసం ముట్టవుగా?" అన్నాను.

"కోపంలో రాశానే తల్లీ!"

"రాతంటే ఇదీ!" అన్నాడు దొర. "చెక్కించేది దీన్నే."

"గుడి గుమ్మం మీద పందా? మా గురువుగారి చోటులోనా?"

"అయితే మీ మాటనే ఇలా రాసివ్వండి. ఇప్పుడే."

తాత కూర్చున్నాడు. ఊపిరి బిగబట్టాడు. నాలుక బయటికొచ్చింది. రాసింది చూసుకున్నాడు, బురదంటిన కాగితం చూసుకున్నాడు, కొత్తదాన్ని తనే చింపేశాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు జాలేసింది.

"నా పందే కదా, పెట్టుకోండి. నాకేం అభ్యంతరం లేదు" అన్నాను.

బోర్డు ఎక్కింది. యాత్రికులు దాని కింద నిలబడి దండం పెడుతున్నారు. పంది అంటే మనసనీ, ముల్లంగి అంటే సంసారమనీ చదువుకున్నవాళ్ళు వివరిస్తున్నారు. తాత మాత్రం చాలాకాలం తలొంచుకునే గుమ్మం దాటాడు.

నిన్న టోఫు ఇవ్వడానికి వెళ్తే, ఆయనొక్కడే గుమ్మం ముందు మెడెత్తి నిలబడి ఉన్నాడు. పెదాలు కదుపుతూ చదువుకుంటున్నాడు. 'కూర వండుకు తింటాను' అన్న మాట దగ్గరికి రాగానే కిసుక్కున నవ్వాడు. నేను వచ్చింది చూసుకోలేదు.

"ఎవడో గానీ," అన్నాడు తనలో తనే, "భలే రాశాడు."