వట్టి బండి తూకం

ఆదివారం పొద్దున ఏడున్నరకు పాస్టర్ దయాకర్ చేసే మొదటి పని కాంటా చుట్టూ ఊడవడం. ఎడపల్లి దాటాక బోధన్ రోడ్డు పక్కన, ఒకప్పుడు చెరుకు లారీలను తూచిన పెద్ద కాంటా అది. ఫ్యాక్టరీ మూతపడ్డాక రేకుల షెడ్డు, నేలకు సమానంగా పరిచిన ఇనుప పలక, పక్కనే అద్దాల గది, ఆ గదిలో బండి చక్రమంత ముల్లు డబ్బా మిగిలాయి. ప్రార్థనలకు వాడుకొమ్మని పట్టాదారు తాళంచెవి ఇచ్చాడు. పలక పొడవు ఇరవై ఐదు అడుగులు, వెడల్పు పది. సంఘంలో నలభై మంది. చాపలు పరిచి కూర్చుంటే మనిషికి ఆరుంపావు చదరపు అడుగులు. సరిపోతుంది, కాళ్ళు మాత్రం చాపకూడదు.

వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే వస్తారు. బయట చెప్పులు విడిచి, పలక మీద కాలు పెట్టి, ఒక్క ఊపిరి ఆగుతారు. గదిలోంచి దయాకర్ తల ఊపాక వెళ్ళి కూర్చుంటారు. ఆ లోపల అతను తీసివేత చేసేస్తాడు. ముల్లు ఇంతకుముందు ఎక్కడుంది, ఇప్పుడు ఎక్కడికి వచ్చింది, మధ్య తేడా ఎంత. టన్నుల కాంటా కాబట్టి ఐదు కిలోలకు తక్కువ గీతలు దాని మీద లేవు. అయినా దయాకర్ గీతల మధ్య అర కిలో దాకా చదవగలడు.

ఆ కాంటా ఒంటి బరువుతో పాటు మనసు మీది బరువును కూడా తూచేది. ఇందులో ఎవరికీ వింత కనిపించలేదు. చెరుకును తూచిన రోజుల్లో మట్టిని, ఆకును, మంచును కలిపే తూచింది కదా, మనిషిని మాత్రం విడదీసి ఎట్లా తూస్తుంది అనుకున్నారు. పసుపు ఎండబోసిన రోజుల్లో మబ్బు పడితే హన్మాండ్లు ఆరు కిలోలు పెరిగేవాడు. మబ్బు విడిస్తే తగ్గేవాడు. "ఏందన్నా, ఇయ్యాల తేలికున్నవ్, పసుపు ఎండిందా?" అని పక్కవాళ్ళు అడిగేవారు.

దయాకర్ వాక్యం చెప్పే పద్ధతి ఈ గదిలోనే పుట్టింది. అతని తాత నర్సన్న ఇదే కాంటా మీద ముప్పై ఒక్క ఏండ్లు తూకం రాశాడు. తూకం రాసేవాడు పలక మీద కాలు పెట్టకూడదు, ముల్లు నిలబడేదాకా నోరు తెరవకూడదు అనేవాడు. అందుకే దయాకర్ పలక ఎక్కడు. గది గుమ్మంలో నిలబడి చెప్తాడు. చెప్పడం మాత్రం అతను అనసూయమ్మ దగ్గర నేర్చుకున్నాడు. ఆమె గుడ్డసంచి భుజాన వేసుకొని ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. ఏ ఇంటి గడప మీద కూర్చున్నా ముందు "ఏం కూర?" అని అడిగేది. గంటసేపు వాళ్ళు చెప్పింది వినేది. తర్వాత ఐదు నిమిషాలు తను చెప్పేది. మొదటి ఏడాది దయాకర్ కూడా అట్లాగే చెప్పాడు. రెండో ఏడు హైదరాబాద్ పెద్దపాస్టర్ ఒకాయన ఫోన్‌లోకి వచ్చాడు. ఎక్కడ గొంతు లేపాలో, ఎక్కడ విరవాలో ఆయన వీడియోలు చూసి దయాకర్ పట్టేశాడు.

అప్పటినుంచి అతను నిలకడగా కూర్చున్నది లేదు. చెవి వెనక పెన్సిల్, చేతిలో నోటుబుక్కు. పన్నెండో నిమిషం నవ్విస్తే ముల్లు ఇరవై కిలోలు దిగుతుంది. ఏడిపించి వెంటనే పాట ఎత్తుకుంటే ముప్పై ఐదు. ఇట్లా నలభై ఒక్క ఆదివారాలలో సంఘం మీది నుంచి దిగిన బరువు మొత్తం మూడు వేల ఆరు వందల తొంభై కిలోలు. చిక్కు ఒక్కటే. మళ్ళీ ఆదివారం వచ్చేసరికి ఎవరి బరువు వాళ్ళ మీద ఉండేది.

"బిడ్డా," అన్నది అనసూయమ్మ ఒకరోజు. డెబ్బై ఎనిమిదేండ్లు, అందరికంటె ముందు చాప ఆమెది. "నువ్వు వాక్యం మాకు చెప్తున్నవా, ముల్లుకు చెప్తున్నవా?"

"మీకే అవ్వా."

"మరి మా దిక్కు సూస్తలేవేందిరా?"

అందరూ నవ్వారు. ముల్లు పదిహేను కిలోలు దిగింది. దయాకర్ రాసుకున్నాడు.

ఏం చెప్పినా దిగని మనిషి ఒక్కరే ఉన్నారు, భాగ్యలక్ష్మి. బీడీలు చేస్తుంది. భర్త సాయిరాం దసరా పోయిన పదో రోజు కాలువలో పడి చనిపోయాడు. అంతకుముందు ఆమె తూకం యాభై రెండు. తర్వాత వారానికి కిలోన్నరకు కాస్త పైనే పెరిగింది. పదిహేను వారాలకు డెబ్బై ఐదు. మనిషి చూస్తే దవడలు లోపలికి పోయి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కాంటా మాత్రం డెబ్బై ఐదు అంటున్నది. దయాకర్ ఆమె కోసమే గొంతు లేపాడు, విరిచాడు, ఆమెకిష్టమైన పాట పాడించాడు. ముల్లు మీద దోమ వాలినంత కదలిక కూడా లేదు. సోమవారం నుంచి శనివారం దాకా అది అతన్ని తొలిచేది. బండి మీద పోతూ పోతూ ఆగి, నోటుబుక్కు తీసి, డెబ్బై ఐదు చూసి, మళ్ళీ పోయేవాడు.

ఫిబ్రవరి రెండో ఆదివారం సంఘపెద్ద నరేందర్ నిజామాబాద్ నుంచి ఇద్దరు కమిటీ పెద్దలను కారులో తీసుకొచ్చాడు. మార్చిలో ఆ కమిటీ మూడు సాయంత్రాల సభలు పెడుతున్నది. ఐదు వేల మంది వస్తారు. అంటే ఇట్లాంటి కాంటాలు నూట ఇరవై ఐదు అని దయాకర్ అప్పుడే లెక్క కట్టేశాడు.

"ఇయ్యాల గట్టిగ కొట్టాలె అయ్యగారు," అన్నాడు నరేందర్ చెవిలో. "ముల్లు దిగుడు వీళ్ళు కండ్లార సూడాలె."

భాగ్యలక్ష్మి అందరికంటె చివరన వచ్చింది. ఉతికిన చీర, నూనె పెట్టి దువ్విన తల. పలక మీద కాలు పెట్టి గది వైపు చూసి నవ్వింది. ముల్లు ఇంకా ఊగుతుండగానే దయాకర్ తీసివేత చేసేశాడు. నలభై నాలుగు.

"ముప్పై ఒక్క కిలోలు!" అని కేక పెట్టాడు. "ఒక్క వారంలో భాగ్యక్క ముప్పై ఒక్క కిలోలు దిగింది! పోయిన వారం చెప్పిన వాక్యం ఈ వారం దాకా నిలబడ్డది!"

నలభై ఒక్క ఆదివారాలలో ఇది మొదటిసారి. చప్పట్లు మోగాయి. కమిటీ పెద్దలు గుమ్మంలోకి తొంగి ముల్లును చూశారు. దయాకర్ ఆ రోజు యాభై నిమిషాలు చెప్పాడు. మరో తొంభై ఆరు కిలోలు దించాడు.

షెడ్డు వెనక బగారా అన్నం, కోడికూర వడ్డించారు. భాగ్యలక్ష్మి పని ఉందని ముందే వెళ్ళిపోయింది. కమిటీ పెద్దాయన ఎముక పక్కకు పెట్టి, "రెండో రోజు సాయంత్రం మీదే అయ్యగారు," అన్నాడు. "అంశం ఏందో చెప్పుండ్రి, పోస్టర్ అచ్చుకు ఇయ్యాలె."

దయాకర్ ఎడమచేత్తో నోటుబుక్కు తీశాడు. ఎదురుగా అనసూయమ్మ ఆ ఎండలో మెరూన్ శాలువ కప్పుకొని తింటున్నది.

"ఏందవ్వా, ఉడుకపోస్తలేదా?"

"భాగ్య ఇచ్చింది బిడ్డా. ఇగ నాకు చలి పెట్టదవ్వా, నువ్వు కప్పుకో అన్నది. సాయిరాం కొనిచ్చిన శాలువ, పెట్టెల దాచుకున్నది. వద్దంటె ఇనలే."

దయాకర్ పెన్సిల్ డెబ్బై ఐదు కింద నలభై నాలుగు రాసింది. అలవాటు కొద్దీ కళ్ళు పైకి పోయాయి. ఆ వరుసలో అన్నిటికంటె పైన యాభై రెండు ఉంది. మనసు మీద ఏమీ లేనప్పటి తూకం. యాభై రెండులోంచి నలభై నాలుగు పోతే ఎనిమిది. మోసే బరువు మొత్తం దిగిపోయిందే అనుకుందాం. ఒక్క వారంలో ఒంటిలోంచి ఈ ఎనిమిది కిలోలు ఎక్కడికి పోయాయి?

తాత తూకం రాసే రోజులు, అతనికి పదకొండేండ్లు. చెరుకు దించిన ట్రాక్టర్ ఒకటి కాంటా ఎక్కింది. వట్టి బండి తూకానికి రెండు క్వింటాళ్ళు తక్కువ చూపించింది. "తాతా, బండి తేలికైంది!" అని అతను చప్పట్లు కొట్టాడు. నర్సన్న ముల్లు వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూశాడు. "వట్టి బండి కంటె తక్కువ సూపెట్టిందంటె తేలికైనట్టు కాదురా. ఒక చక్రం పలక దిగినట్టు. ఉరుకు, సూసిరా."

దయాకర్ చేతిలోని ముద్ద విస్తరిలో పడింది.

"అయ్యగారు, అంశం?" అన్నాడు పెద్దాయన.

అప్పటికే బండి స్టార్టయింది.

నాలుగు కిలోమీటర్లు. దారి పొడుగునా చెరుకు ట్రాక్టర్లు అడ్డం, ఎక్కడో దూరం ఫ్యాక్టరీకి పోతున్నవి. ఇల్లు చేరేసరికి భాగ్యలక్ష్మి వాకిట్లో గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. ఆమె కోళ్ళు రెండూ పక్కింటి గంప కింద ఉన్నాయి. బీడీల చాట గోడకు ఆనించి ఉంది, ఆకు కత్తిరించే కత్తెర అందులో లేదు, అదీ ఎవరికో ఇచ్చేసినట్టుంది. ఆమె చెప్పులు వేసుకొని గడప మీద కూర్చుంది.

"ఎటక్కా?"

"గిట్ల కాలువ దిక్కు పోయొస్త అయ్యగారు. మీరెందుకొచ్చిండ్రు ఎండల?"

దయాకర్‌కు చెప్పడానికి వంద మాటలు గొంతులోకి వచ్చాయి. లేపేవి, విరిచేవి. ముల్లు ఇంకా నిలబడలేదు. నోరు మూసుకొని గడపకు రెండో చివర కూర్చున్నాడు. కాలు ఊపాడు, ఆపాడు, మళ్ళీ ఊపాడు. చివరికి అడిగాడు.

"ఏం కూర వండినవక్కా?"

ఆమె అతన్ని వింతగా చూసింది. "వండలే." మళ్ళీ తనే అన్నది: "గారోజు వండిన. ఉప్పెక్కువైందన్నడు. గంత మాటకే లేసిన నేను. ఇంటికి రాకు పో, నీ మొఖం సూపెట్టకు అన్న. తూము ఇడువ పోయిండు. కాలు జారింది." చీర కొంగు ముడి వేసి, విప్పి, మళ్ళీ వేసింది. "నా మాట ఇన్నడు అయ్యగారు. పెండ్లైన కాన్నుంచి ఎన్నడు ఇనలే, గదొక్కటి ఇన్నడు."

"గారోజు సాయిరాం అన్న నాకు ఫోన్ చేసిండక్కా."

ముడి ఆగింది.

"మూడుసార్లు చేసిండు. నేను ఎత్తలే."

"మూడుసార్లా?"

"మూడు. ఆదివారం వాక్యం రాసుకుంటున్న. ముల్లు ఎట్ల దింపాలె అని లెక్కలు రాస్తున్న. ఫోన్ బోర్ల పెట్టిన. ఏం చెప్పాలనుకున్నడో, ఇంటికి రమ్మని నీకు చెప్పమనేటోడో, నాకు ఎరుకలేదు. గీ మాట ఎవ్వలకు చెప్పలే."

భాగ్యలక్ష్మి కాలి చెప్పు తీసింది. చెయ్యి ఎత్తింది. "నీ ముల్లు మన్నువడ!" అన్నది. చెప్పు విసిరితే వాకిట్లో బోర్లించిన గిన్నెల మీద పడి పెద్ద చప్పుడైంది. ఆ చప్పుడుకు పక్కింట్లో కోళ్ళు అరిచాయి. అప్పుడు ఏడ్చింది. పదిహేను వారాల్లో మొదటిసారి. ఎంత దిగిందో దయాకర్ లెక్క కట్టలేదు.

పొద్దుగూకక ముందే అనసూయమ్మ ఆటోలో వచ్చింది. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో బగారా అన్నం డబ్బా. "తిను," అన్నది. ఆ వారమంతా అక్కడే పండుకుంది. మంగళవారం ఇద్దరూ నిజామాబాద్ దవాఖానకు పోయి డాక్టరమ్మతో మాట్లాడి, గోలీలు తెచ్చుకున్నారు. కత్తెర వెనక్కు వచ్చింది. బుధవారం నరేందర్ ఫోన్ చేశాడు.

"అయ్యగారు, పోస్టర్ ఆగింది."

"నా పేరు తీసేయ్ నరేందర్."

"ఎందుకు? ఐదు వేల మంది!"

"నేను ఇంకా కాంటా ఎక్కలే."

ఆదివారం భాగ్యలక్ష్మి అనసూయమ్మ వెనకాలే వచ్చింది. పలక మీద కాలు పెట్టి ఆగింది. ముల్లు ఊగి ఊగి నిలబడింది. డెబ్బై ఐదు. నాలుగు చక్రాలూ పలక మీద ఉన్నాయి. ఆ అంకె చూసి దయాకర్ అద్దానికి తల ఆనించి ఊపిరి వదిలాడు.

తర్వాత చెప్పులు విడిచి, గుమ్మం దాటి, పలక ఎక్కాడు. ముల్లు చూసేవాళ్ళు గదిలో ఎవరూ లేరు. హన్మాండ్లు పక్కన చాప మీద కూర్చొని, మూడు ఫోన్ల సంగతి నాలుగు నిమిషాల్లో చెప్పాడు. గొంతు ఎక్కడా లేపలేదు. బయట ఒక చెరుకు ట్రాక్టర్ పోయింది. భాగ్యలక్ష్మి ఉప్పు సంగతి చెప్పింది. అనసూయమ్మ ఒక్కటే అడిగింది: "ఏం కూరనే గారోజు?" "చిక్కుడుకాయ." అందరూ తల వంచుకొని ఆ చిక్కుడుకాయ కూరను తలుచుకున్నారు. పాట పాడలేదు.

అందరూ లేచి దిగేటప్పుడు దయాకర్ ఉండబట్టలేక గదిలోకి ఉరికాడు. ఒక్కొక్కరు దిగుతుంటే రాశాడు. హన్మాండ్లు వచ్చినప్పటి కంటె అర కిలో ఎక్కువ. నరేందర్ అర కిలో ఎక్కువ. అనసూయమ్మ అర కిలో. ముప్పై తొమ్మిది మందీ అంతే, ఒక్కరు తప్పకుండా. భాగ్యలక్ష్మి యాభై ఐదు. యాభై రెండు మీది ఆ మూడు కిలోలు ఆమె దించలేదు, దించాలనుకున్నట్టు కూడా లేదు.

ఆమె మీది నుంచి పోయింది ఇరవై. పంచుకున్నది పంతొమ్మిదిన్నర. దయాకర్ మళ్ళీ కూడాడు. పెన్సిల్ మొన విరిగేలా మూడోసారి కూడాడు.

"ఏం లెక్కరా?" అన్నది అనసూయమ్మ గుమ్మంలోంచి.

"అర కిలో తేడా వస్తున్నదవ్వా. ఎవల్నో తప్పు రాసిన."

"నిన్ను రాసుకున్నవా?"

దయాకర్ పెన్సిల్ కింద పెట్టాడు. గదిలో ఉన్న ఒకే ఒక్క స్టూలు మీద కూర్చున్నాడు. కాలు ఊపలేదు.

షెడ్డు బయట భాగ్యలక్ష్మి చెప్పులు వేసుకొని నిలబడి ఉంది. అనసూయమ్మ రాగానే చెయ్యి చాచింది.

"అవ్వా, నా శాలువ నాకియ్యి. పొద్దుగూకితె ఇంక చలున్నది."