నా పేరున్న దురియన్ చెట్టు

ఈ కాగితం మీద సంతకం గడి ఎంత చిన్నదో, వేలెడంత కూడా లేదు, నా ఒక్కదాని సంతకమే పడుతుంది, యజమాని మర్దియా అని పైన ముందే అచ్చేశారు, తప్పు తమ్ముడు జమ్రిది, సర్వేకి వచ్చినవాళ్లు ఈ చెట్టెవరిదని అడిగితే మర్దియాదన్నాడు, మరేమంటాడు, నేను పుట్టినరోజు తాత నాటిన, పనసలాంటి ముళ్ల పండ్ల దురియన్‌ని మా బాలిక్ తెగవాళ్లంతా నా పేరుతోనే పిలుస్తారు, వాళ్లేమో మా అందరిదైన తోపంతా నా పేరే రాసుకుపోయారు, జమ్రిదీ, ఏటి అవతలి చిన్నాన్న పిల్లలదీ ఊసే లేదు, జకార్తా బదులు దేశానికి కొత్త రాజధాని ఇక్కడికొస్తోంది, రోడ్డు మా తోపు మీదుగానే, సంతకం పెడితే నాకు వేరేచోట భూమి, వాళ్లకేమీ లేదు, గడువు ఈ మధ్యాహ్నమే.

పెట్టెయ్ అక్కా, మహారాణివైపోతావు, మాకు గింజలైనా విసరకపోతావా, అంటూ జమ్రి నవ్వుతున్నాడు, నవ్వుతూనే బొటనవేలితో నేల గీకుతున్నాడు, చిన్నప్పుడు అబద్ధమాడినా ఇంతే, ఇదివరకైతే మేం జిల్లా సభకి ఓటేసి పంపినవాడి వసారాలో కూర్చుంటే చచ్చినట్టు పలికేవాడు, ఇప్పుడీ నేలకి ఎన్నికైన సభే లేదు, అందరూ జకార్తా నియమించినవాళ్లే, తిట్టుకోడానికైనా మనవాడొకడు లేడే అక్కా అంటాడు, నిజమేరా అన్నాను, లాయరమ్మాయి రత్రి మెల్లగా చెబుతోంది, అందరి పేర్లూ రాస్తే ఈ కాగితం చెల్లదంటారమ్మా, కోర్టుకెళ్లాలి, ఏళ్లు పట్టొచ్చు, ఓడిపోనూవచ్చు, ఓడితే మీకూ ఏం మిగలదు, ఆ పిల్ల చెయ్యి నా మోచేతి మీద ఎంత వెచ్చగా ఉందో.

కిటికీలోంచి సహ్రాన్ కనిపిస్తున్నాడు, చిన్నాన్న కొడుకు, ఈ ఆఫీసు మెట్ల మీద కూర్చున్నాడు, నాకిబ్బందని లోపలికి రాలేదు, పడవలో నన్నిక్కడ దింపింది మాత్రం వాడే, ఏడేళ్లప్పుడు ఇది నా చెట్టని కర్ర పట్టుకుని వాణ్ణి తరిమాను, తాత తిట్టలేదు, రాలిన పండు పగలగొట్టి మొదటి తొన వాడి నోట్లో, రెండోది నా నోట్లో పెట్టి, చెట్టుకి నీ పేరు పెట్టింది కాపలా కాయడానికి కాదే పిచ్చిదానా, పండు రాలితే ఎక్కడికి పరుగెత్తాలో అందరికీ తెలియాలని అన్నాడు, వాడి గడ్డం నిండా పసుపు గుజ్జు, నా గడ్డం నిండా కూడా, గడిలో ముందు సహ్రాన్ అని రాశాను, తర్వాత జమ్రి, తర్వాత వాళ్ల పిల్లలు, పేర్లు గడి దాటి అంచుల్లోకి దిగాయి, అయ్యో అమ్మా అని రత్రి ఇంకో తెల్లకాగితం జరిపింది, నా పేరు చివర రాశాను, ఇన్నాళ్లూ నా పేరే చెట్టుకి పెట్టారనుకున్నాను, కాదు, వీళ్లందరూ వచ్చి నిలబడే చోటు పేరే తాత నాకిచ్చాడు.