లారీ తలుపూ, లోపల బావా

మెకానిక్‌కీ అతని బావకీ మాటలు లేక చాలా కాలమైంది. కారణం లారీ.

బావకి రెండు లారీలు. పాతది షెడ్డు వెనక వానకి నాని, ఎండకి ఎండి, చక్రాల చుట్టూ గడ్డి మొలిపించుకుని కూర్చుంది. ఒకసారి నలుగురిలో ఉండగా మెకానిక్ దాన్ని చూపించి, "దీన్ని బాగు చెయ్యడమెందుకు, తుక్కు కింద తూకానికి వేసెయ్యాలి" అన్నాడు. బావ సొంతంగా కొనుక్కున్న మొదటి బండి అది. ఆ రోజు నుంచి మెకానిక్ ఆయనకి "మీ తమ్ముడు" అయ్యాడు. ఆ మాటైనా భార్యతో అనడమే. మెకానిక్ కూడా ఏమీ తక్కువ తినలేదు. "బావా" అనడం మానేసి "బావగారు" అనడం మొదలుపెట్టాడు. అదీ అక్కతోనే.

ఇప్పుడు కొత్త లారీ ఇంజను పాడైంది. ఒప్పుకున్న ఇటుకల లోడ్లు ఆగిపోయాయి. అక్క వచ్చి తమ్ముడి షాపు ముందు నిలబడింది.

"పాత బండి నడవాలి. నువ్వే చెయ్యాలి. ఆయన పక్కనే ఉంటారు గానీ మాట్లాడరు. నువ్వూ మాట్లాడక్కర్లేదు."

మెకానిక్ వెంటనే ఒప్పుకున్నాడు. ఇంత మంచి షరతు పెట్టిన గిరాకీ అతనికి అంతవరకూ తగల్లేదు.

పని మొదలైంది. చక్రాల నట్లు కిరోసిన్ తాగీ తాగీ చివరికి కదిలాయి. బావ స్టూలు మీద కూర్చుని, పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా అన్నీ చూస్తున్నాడు. బ్రేకులు చూడాల్సి వచ్చేసరికి చిక్కొచ్చింది. మెకానిక్ బండి కింద ఉండాలి. పైన ఎవరో ఒకరు పెడలు తొక్కాలి.

"బ్రేకు తొక్కేవాళ్లుంటే బాగుండు" అని మెకానిక్ టైరుతో అన్నాడు.

బావ లేచి క్యాబిన్‌లోకి ఎక్కాడు. పాత అలవాటు కొద్దీ తలుపు దబాలున వేశాడు. తలుపు లోపల ఏదో ఠక్కుమంది.

బ్రేకు పరీక్ష అయింది. బావ దిగబోతూ పిడి తిప్పాడు. పిడి ఊడి చేతికొచ్చింది. కాసేపు దాన్ని చూసి, ఏమీ జరగనట్టు స్టీరింగు తుడుస్తూ కూర్చున్నాడు. మెకానిక్ బయటికొచ్చి పానాలు సర్దుకున్నాడు. అప్పటికీ బావ దిగలేదు. చివరికి కిటికీ సందులోంచి పిడి పట్టుకున్న చెయ్యొకటి బయటికొచ్చింది.

బయటి పిడి తిప్పినా తలుపు కదల్లేదు. కిటికీ అద్దం దిగదు. పైన అరచెయ్యి పట్టేంత సందే ఉంది. అవతలి తలుపు మలుపుల్లో తెరుచుకుంటోందని బావే ఎప్పుడో దానికి ఇనప పట్టీ వేయించి వెల్డింగ్ చేయించాడు. ఇక మిగిలింది ముందు అద్దం. మెకానిక్ కత్తి తీసుకుని దాని రబ్బరు దగ్గరికెళ్లేసరికి, ఆ అద్దం ఇప్పుడెక్కడా దొరకదన్నట్టు బావ రెండు చేతులూ దానికి అడ్డం పెట్టాడు.

తలుపు మడతబందులు బయటికే ఉన్నాయి. పైదొకటి, కిందదొకటి. వాటి పిన్నులు ఊడదీస్తే తలుపు వచ్చేస్తుంది. కానీ తుప్పుపట్టి పిన్నూ బందూ ఒకే ముద్దయిపోయాయి. మెకానిక్ కిరోసిన్ పోశాడు, సుత్తితో చుట్టూ మెల్లగా తట్టాడు. చలనం లేదు. ఇక గ్యాసు మంటతో వేడి చెయ్యాల్సిందే. పాత క్యాబిన్ కాబట్టి రేకు లోపలంతా చెక్క చట్రం. అది అంటుకోకుండా తడి గోనెసంచిని సందులోంచి లోపలికి తోశాడు. బావ దాన్ని చెక్కకి అదిమిపట్టాడు.

పైబందు ఎర్రబడింది. మంట తీసి కొవ్వొత్తి ఆనించగానే మైనం కరిగి పిన్ను చుట్టూ లోపలికి ఇంకిపోయింది. కింది నుంచి నాలుగు దెబ్బలు వేస్తే పిన్ను మూలుగుతూ పైకొచ్చింది. ఇద్దరూ ఆ పిన్ను వంక చూశారే తప్ప ఒకరి వంక ఒకరు చూసుకోలేదు.

కిందిది మొండికేసింది. గట్టిగా కొడితే పిన్ను తల విరిగి ఎగిరిపోయింది. మిగతా పిన్ను బందులోనే ఉండిపోయింది. ఇక విరిగినచోట ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేసి, దాన్ని పట్టుకుని తిప్పాలి. వెల్డింగ్ సగంలో ఉండగా లోపల్నుంచి పొగ లేచింది.

"బావా! పొగ! గోనె కిందికి నొక్కు, కిందికి!"

బావ నొక్కాడు. బుస్సుమంది. పొగ ఆగింది.

మెకానిక్ మళ్లీ వంగి వెల్డింగ్ పూర్తిచేశాడు.

"తుక్కు అన్నావుగా" అన్నాడు బావ లోపల్నుంచి.

"అన్నాను. ఇప్పటికీ అంటాను. తుక్కే."

"మరెందుకు చేస్తున్నావు?"

"అక్క చెప్పింది."

బావ ఆలోచించాడు. "నాకూ అంతే. నిన్ను పిలవనన్నాను. మీ అక్క వినలేదు."

ఇందులో ఇద్దరికీ ఏకాభిప్రాయం కుదిరింది. అంతలో అక్క అన్నం తెచ్చింది. క్యారేజీ సందులో పట్టలేదు. ఆమె ఎందుకు, ఏమిటని అడక్కుండా ముద్దలు కలిపి ఒక్కొక్కటే అందించింది. బావ అటు తిరిగి తిన్నాడు. తమ్ముడి చేతులు మసిగా ఉన్నాయని అతనికీ ముద్దలు పెట్టింది. ఇద్దరికీ పెట్టాక చెయ్యి కడుక్కుని వెళ్లిపోయింది. దారంతా నవ్విందని పొరుగువాళ్లు తర్వాత చెప్పారు.

మెకానిక్ నట్టుకి పానా వేశాడు. కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి.

"గట్టిగా తిప్పు" అన్నాడు బావ.

"గట్టిగా తిప్పితే మళ్లీ విరుగుద్ది. నువ్వు ఊరికే కూర్చో బావా."

"ఊరికే కూర్చోక ఎక్కడికి పోతానురా?"

తుప్పు పొడి రాలింది. పిన్ను అంగుళం పైకొచ్చి, మరుక్షణం మొత్తం ఊడిపోయింది. బావ లోపల్నుంచి రెండు కాళ్లతో తన్నాడు. తలుపు మెకానిక్‌తో సహా నేలమీద పడింది.

బావ దిగాడు. తలుపు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సొట్ట పడలేదు" అన్నాడు.

"నాకు కూడా" అన్నాడు కిందున్నవాడు.

బావ చెయ్యందించి లేపాడు. మోచెయ్యి గీరుకుపోయి ఉంటే తన తువ్వాలు చింపి కట్టాడు. అది పాత తువ్వాలు కాదు.

తర్వాత కూడా పని చాలానే పట్టింది. స్ప్రింగు పట్టీలు, సైలెన్సరు, రేడియేటరు, దేన్ని ముట్టుకున్నా విరిగేది. బావ రోజూ వచ్చి ఏదో ఒకటి పట్టుకునేవాడు, ఎలా తిప్పాలో చెప్పేవాడు. మెకానిక్ విననట్టే ఉండి, అప్పుడప్పుడూ అలాగే తిప్పేవాడు.

మొదటి లోడుకి మెకానిక్ కూడా వెళ్లాడు. ఇంజను చప్పుడు వినాలన్నాడు. ఇటుకలతో బండి ఎత్తు ఎక్కుతుంటే, గేరు ఆలస్యంగా మార్చావని అతనూ, బండి నీదా నాదా అని బావా గొంతులు పెంచుకున్నారు. రోడ్డు పక్క నడిచేవాళ్లు ఆగి చూశారు. లారీ మాత్రం ఎత్తు ఎక్కేసింది.