కింది కయ్య పచ్చన

పాడి ఆవు కోసం పెంచుతున్న గడ్డికయ్యలో యూరియా చల్లి, పంకజాక్షి మొగుడికి నోరు నొప్పెట్టేలా చెప్పింది. "నేల తడిస్తే సాలు, మోటారు ఆపెయ్." వినే చెవులా అవి? జయరామ్ మోటారు వేసి కార్వేటినగరం సంతకు వెళ్ళిపోయాడు. నీళ్ళు మడి గట్టు పొర్లి, ఎరువునంతా కింద ఉన్న కుప్పయ్య కయ్యలోకి మోసుకుపోయాయి.

పక్షం తిరిగేసరికి ఆమె గడ్డి పసుపుపచ్చగానే ఉంది. కుప్పయ్య గడ్డి మోకాలెత్తు లేచింది. ఆవు పలుపు తెంచుకుని అందులో పడింది.

కుప్పయ్య దాన్ని లాక్కొచ్చాడు. "ఏమ్మా, నా గడ్డి అంతా మేసేసినాది. ఎరువేసి నీళ్ళు పెట్టుకుంటే మీకూ రాదా?"

పంకజాక్షి మొగుడి వైపు చూసింది. జయరామ్ ఆవును తిట్టడం మొదలుపెట్టాడు.