ముందే కూలబడే నీడ

చేవెళ్ల బజారులో రామేశ్వర్ కిరాణా కొట్టుకు వచ్చేవాళ్లు సరుకు కంటే ముందు అతని నీడను చూసేవాళ్లు. ఇన్సులిన్ సూది వేసుకున్న ఒంట్లో చక్కెర పడిపోతే, మనిషి కంటే ముందు నీడ కూలబడేది. "సేటూ, నీ నీడ కూసున్నది, జర బెల్లం నోట్లేస్కో" అని చెప్పి, ఎంకపల్లి కొమురయ్య తన సరుకు కట్టించుకుని పోయేవాడు.

మొదట్లో చెమటలు పట్టేవి, చేతులు వణికేవి. కొన్నేళ్లు సూదులు పొడుచుకున్నాక ఆ గుర్తులన్నీ ముఖం చాటేశాయి. ఇక నీ అంతట నీకు తెలియదు, పక్కనున్నవాళ్లే కనిపెట్టాలి అన్నాడు పట్నం డాక్టరు. అప్పటినుంచి తల్లి సుమిత్రమ్మకు మబ్బు పడితే చాలు, గుండెల్లో రాయి పడేది. ఎండ లేకపోతే నీడెక్కడిది?

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులవి. ఒక శ్రావణం ఉదయం ముసురు పట్టింది. సూది వేసుకున్నాక వెంటనే తినాలి. కానీ బోణీ కానిదే మెతుకు ముట్టకపోవడం ఆ ఇంటి మగవాళ్లకు తాతల నాటి పట్టింపు. రోజూ తలుపు తీయగానే ఎవరో ఒకరు వచ్చేవాళ్లు కాబట్టి సాగిపోయింది. ఆ రోజు వానకు కుక్క కూడా బయటికి రాలేదు.

సుమిత్రమ్మ వెనక గదిలో రొట్టె పట్టుకుని నిలబడింది. విధవరాలు బోణీకి ముందు కొట్లో అడుగు పెట్టకూడదు. భర్త పోయాక ఆమె ఒక్కనాడూ పెట్టలేదు.

"కొడుకా, ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్న. ఎన్నిసార్లడుగుతవు?"

విసుక్కునే పిల్లాడు కాదు. పైగా తూకపు రాళ్లు తీసుకెళ్లి పప్పు డబ్బాలో వేస్తున్నాడు. ఆమె పట్టపగలే కందీలు వెలిగించి కొట్టు గడప దాటింది.

రామేశ్వర్ నిలబడే ఉన్నాడు. అతని నీడ మాత్రం బస్తాల పక్కన బోర్లా పడి ఉంది.

"బెల్లం తిను కొడుకా."

"బోణీ కాలే. నువ్వెందుకొచ్చినవ్, లోపలికి పో" అని పళ్లు బిగించాడు.

సుమిత్రమ్మ కొంగుముడి విప్పి నిజాం సర్కారు హాలీ అణా తీసింది. "అణా బెల్లమియ్యి సేటూ."

"నీ చేతి బోణీనా?" మాట ముద్దగా వచ్చింది. అతను చెయ్యి చాపలేదు. ఊరేమంటుందోనని ఆమెకూ భయమే, కానీ కొడుకు పోతాడన్న భయం ముందు అదెంత.

అప్పుడు నేల మీది నీడ అరచెయ్యి చాపింది. సుమిత్రమ్మ వంగి అణా అందులో పెట్టింది. నీడ గుప్పిట మూసి, పాక్కుంటూ పోయి గల్లాపెట్టెలో వేసింది. బిళ్ల ఖంగుమంది.

"బోణీ అయింది" అంటూ ఆమె బెల్లం ముక్క అతని నోట్లో పెట్టింది. ఈసారి నోరు తెరిచాడు. కాసేపటికి నీడ మోకాళ్ల మీద లేచింది, ఆ తర్వాత నిలబడింది.

వాన తెరిపిచ్చాక కొమురయ్య గొంగడి కప్పుకుని వచ్చాడు. "బోణీ అయిందా సేటూ?"

"అయింది. మా అమ్మ చేసింది" అన్నాడు రామేశ్వర్, రొట్టె నములుతూ, బజారంతా వినపడేలా.

కొమురయ్య సుమిత్రమ్మ వైపు చూసి, సంచి ముందుకు చాపాడు. "అయితే నాక్కూడ అవ్వనే తూచియ్యమను" అన్నాడు.

రామేశ్వర్ పక్కకు జరిగాడు. సుమిత్రమ్మ కళ్లు తుడుచుకుని తక్కెడ అందుకుంది.