గజగజకి సరిపోయే సూటు

రేవులో నీటి అడుగుకి దిగి పనిచేసే డైవర్ల జట్టులో ఆమె ఒక్కతే ఆడది. అందుకని జట్టువాళ్ళు ఆమెని మహా గౌరవంగా చూసుకునేవాళ్ళు. ఆమె పడవెక్కుతుంటే నిచ్చెన పట్టుకునేవాళ్ళు. సిలిండరు ఎత్తబోతే "మేం లేమా, ఉండమ్మా" అని లాక్కునేవాళ్ళు. ఆ గౌరవం కొద్దీ ఒక పేరు కూడా పెట్టారు. గజగజ.

పేరులో అబద్ధమేమీ లేదు. నీళ్ళ కింద రేవు స్తంభాలకి పేరుకున్న గుల్లలు గీకుతూ, పగుళ్ళు వెతుకుతూ ఉండగానే ఆమె ఒళ్ళు వణుకు అందుకునేది. చేతులు గుండెలకి అడ్డంగా పెట్టి భుజాలు రుద్దుకుంటే చలేస్తోందని సైగ. ఒక్కరు ఆ సైగ చేసినా జట్టంతా పైకి రావాలని నియమం. ఆ సైగ మొదట చేసేది ఎప్పుడూ ఆమే.

కొత్తగా చేరినవాళ్ళని ఆరు నెలలు చూసి, చివర్లో ఒక లోతు డైవుకి దింపుతారు. పని పూర్తయ్యేదాకా కింద ఉండగలిగితే పర్మినెంటు. లేకపోతే ఆఫీసులో కుర్చీ, ఫ్యాను, ఫైళ్ళు. "ఎంత సుఖమో ఆలోచించుకో," అని జట్టు చీఫ్ ముందే ఊరించాడు. ఆ సుఖం తలుచుకుంటేనే ఆమెకి ఏడుపొచ్చేది. నీళ్ళ కింద ఆ పచ్చటి వెలుతురులో, ఎవరి సలహాలూ వినపడని చోట పని చెయ్యడమంటే ఆమెకి ప్రాణం.

నిజానికి లోపం ఆమె ఒంట్లో లేదు, సూటులో ఉంది. డైవర్లు తొడుక్కునే రబ్బరు వెట్‌సూటు నీళ్ళని ఆపదు. కాసిని నీళ్ళు లోపలికి రానిచ్చి, ఒంటి వేడితో వాటిని వెచ్చబెట్టి, అక్కడే పట్టి ఉంచుతుంది. ఒంటికి అతుక్కుని ఉంటేనే దాని పని అది చేస్తుంది. స్టోరులో ఉన్న సూట్లన్నీ మగవాళ్ళ కొలతలవి. తుంటి దగ్గర పట్టేది వేసుకుంటే నడుము దగ్గరా వీపు దగ్గరా వదులై వేలాడేది. ఆమె వంగినప్పుడల్లా వెచ్చని నీళ్ళు బయటికి పోయి చన్నీళ్ళు లోపలికొచ్చి కాపురం పెట్టేవి.

"సూటు బ్రహ్మాండంగా ఉందమ్మా," అన్నాడు స్టోరు చూసే బాబాయి, ఆమె వీపు మీద రబ్బరుని పట్టి లాగి వదిలి. "నువ్వే దానికి సరిపోవట్లేదు. కాస్త ఒళ్ళు చెయ్యి."

ఆమె ఒళ్ళు చేసింది. వచ్చిన ఒళ్ళు రావలసిన చోటికి రాకుండా నేరుగా తుంటికి పోయింది. దాంతో ఉన్న సూటు కూడా ఎక్కడం మానేసింది.

చీఫ్ దగ్గరికి వెళితే, "ఆడవాళ్ళకి చలెక్కువ. అది సైన్సు," అన్నాడు. ఆయన సైన్సు అన్నాక ఇంక ఎదురు మాట్లాడకూడదు. పెద్ద బజారులో ఈత సామాన్ల దుకాణానికి వెళితే, అక్కడి సేల్స్‌మన్ సంబరంగా లేడీస్ మోడల్ తీసి బల్ల మీద పరిచాడు. అదీ మగవాళ్ళ చిన్న సైజే.

"మరి ఇందులో లేడీస్ ఎక్కడుందండీ?"

"చార చూడండి మేడమ్," అన్నాడతను, పక్కన ఉన్న ఊదారంగు చార మీద వేలు పెట్టి.

చివరికి బతిమాలగా బతిమాలగా, కొలతలిచ్చి సూటు కుట్టించుకోవడానికి చీఫ్ ఒప్పుకున్నాడు. కొలతలు తియ్యడం స్టోరు బాబాయి పని. ఆయన టేపు పట్టుకుని లేచి, ఆమె వంక చూసి, టేపు వంక చూసి, చెమటలు కక్కి మళ్ళీ కూర్చున్నాడు. "నువ్వు నా కూతురులాంటిదానివి. ఇంట్లోనే తీయించుకురామ్మా," అన్నాడు.

ఇంట్లో భర్త ఉన్నాడు. లెక్కల మాస్టారు. అంతకంటే ఏం కావాలి? పడకగదిలో నిలబెట్టి, మెడ నుంచి మడమ దాకా నిష్ఠగా కొలిచి, కాగితం మీద గుండ్రటి అంకెలు వేశాడు. సూటు వచ్చింది. తొడల దాకా ఎక్కింది. అక్కణ్ణించి అంగుళం కదిలితే ఒట్టు. ఆమె మంచం మీద పడుకుని లాగింది, గోడకి ఆనుకుని లాగింది. చెమట పట్టిందే తప్ప సూటు పైకి రాలేదు.

"సరిగ్గా కొలిచారా?"

మాస్టారు కిటికీ వైపు చూశాడు. "కొంచెం తగ్గించి రాశాను."

"ఎందుకూ?"

"నీ తుంటి కొలత కాగితం మీద పెట్టి నీ చేతికివ్వమంటావా? పెళ్ళయిన కొత్తలో ఒకసారి కాస్త ఒళ్ళొచ్చినట్టుందన్నందుకు ఎన్నాళ్ళు మాట్లాడలేదో నాకు గుర్తుంది. ఈ కొలతలు కూడా పరీక్షేమో అనుకున్నాను."

ఆమెకి నవ్వాలో తన్నాలో తెలియలేదు. లోతు డైవు దగ్గర పడుతోంది. కుట్టేవాళ్ళు ఇంకొక్కసారి మాత్రం సరిచేస్తామన్నారు. ఇంత ప్రేమని మళ్ళీ నమ్ముకుంటే ఉద్యోగం పోతుంది. ప్రేమ బొత్తిగా లేని మనిషి కావాలి.

ఆమె వంటింట్లోకి వెళ్ళింది. "అత్తయ్యా, ఒకసారి నన్ను కొలుస్తారా?"

పెళ్ళయిన నాటి నుంచి కోడల్ని కళ్ళతోనే కొలుస్తున్న ఆవిడకి టేపు చేతికొచ్చేసరికి ఎక్కడలేని ఓపికా వచ్చింది. కొడుకుని కాగితంతో పక్కన కూర్చోబెట్టింది. "చెయ్యి దించు. ఊపిరి బిగబడతావేం, ఎవర్ని మోసం చేద్దామని? ఒరేయ్ నాన్నా, నేను చెప్పిందే రాయి, నీ తెలివి వాడకు. నడుము ఇదీ. తుంటి... అమ్మో! రెండోసారి కొలుస్తానుండు. అంతే, తప్పేం లేదు. రాసుకో."

"అత్తయ్యా, కాస్త మెల్లిగా. పక్కింటికి వినపడుతుంది."

"వినపడనీ. నీళ్ళలోకి దిగేది పక్కింటావిడా?"

ఆవిడ దేన్నీ వదల్లేదు. ఒక భుజం రెండోదానికంటే కిందికుందని కూడా రాయించింది. ఈసారి వచ్చిన సూటు కాళ్ళ నుంచి మెడ దాకా నల్లగా, నున్నగా ఎక్కి కూర్చుంది. కోడలు అద్దంలో చూసుకుంటే, వెనక నుంచి అత్తగారు, "నేను చెప్పానా లేదా, అంతుందని," అంది. ఆ మాటకి జీవితంలో మొదటిసారి కోడలికి ఆవిడ ముద్దొచ్చింది.

లోతు డైవు నాడు నీళ్ళు మంచుముద్దలా ఉన్నాయి. ఆమె అడుగుకి దిగి, వణుకు కోసం ఎదురుచూసింది. రాలేదు. వీపు మీద నీళ్ళు వెచ్చబడి అక్కడే ఉండిపోయాయి. తన వంతు స్తంభం గీకింది, పక్క స్తంభం కూడా అందుకుంది. ఇన్నాళ్ళూ తన ఒంటిని తనే తిట్టుకున్నందుకు ఆమెకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. చుట్టూ అంత సముద్రం ఉండగా వాటిని ఎవరు పట్టించుకుంటారు?

అప్పుడు ఎవరో చేతులు గుండెలకి అడ్డం పెట్టి భుజాలు రుద్దుకున్నారు. చీఫ్. పరీక్ష చూడ్డానికి తనూ దిగి, జిప్పు సగానికి మించి పడని పాత సూటులో నీలుక్కుపోయి ఉన్నాడు. నియమం నియమమే. అందరూ పైకొచ్చారు.

పడవ మీద రెండు తువ్వాళ్ళు చుట్టుకుని, కాస్త మాట కూడదీసుకుని, చీఫ్ ఆమె వంక అనుమానంగా చూశాడు. "ఇంత చలిలో నీకు చలెయ్యకపోవడమేమిటి? ఒంట్లో స్పర్శ పోయిందేమో. చలి తెలియని మనిషిని లోతుకి పంపడం ప్రమాదం. డాక్టరుకి చూపించుకో. పర్మినెంటు సంగతి తర్వాత చూద్దాం."

జట్టువాళ్ళు తలలు దించుకున్నారు. ఆమెకి తల నుంచి పాదం దాకా మండింది.

"సార్, ఆరు నెలలు చలేస్తోందంటే ఆడదాన్నన్నారు. ఇవాళ చలెయ్యలేదంటే రోగమంటున్నారు. ఉద్యోగం ఇవ్వడానికి నాకెంత చలెయ్యాలో ఆ కొలత కూడా చెప్పండి. అదీ కుట్టించుకుంటాను."

చీఫ్ జవాబు చెబుదామని నోరు తెరిచాడు. చలికి పళ్ళు మళ్ళీ టకటకా కొట్టుకోవడంతో మాట పెగల్లేదు. ఆమె ఆగలేదు. బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా కలిపి ఆయన మొహం ముందు పెట్టింది. "పర్మినెంటేనా సార్?"

డైవర్లలో అది 'అంతా సరేనా' అని అడగడం. సరే అయితే అవతలివాళ్ళు వెంటనే అదే సైగ తిరిగి చూపించాలి. చూపించకపోతే మనిషి ఆపదలో ఉన్నట్టు లెక్క. జీవితమంతా నీళ్ళలో గడిపిన చీఫ్ చెయ్యి, ఆయన్ని అడక్కుండానే తువ్వాలులోంచి బయటికొచ్చి, వేళ్ళు గుండ్రంగా కలిపి చూపించింది.

జట్టు జట్టంతా చూసింది.